కొత్త ర్యామ్ పెట్టాక ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు: సమాధానం

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో పాత 8 జీబీ ర్యామ్ పక్కన ఇంకో 8 జీబీ పెట్టగానే డిస్‌ప్లే పోయి బీప్‌లు మొదలయ్యాయంటే, ముందు అనుమానించాల్సింది ర్యామ్ స్లాట్‌లో పూర్తిగా కూర్చోకపోవడాన్నే. మదర్‌బోర్డు పోయిందని అప్పుడే టెన్షన్ పడకండి.

1. స్విచ్ ఆపి, పవర్ కేబుల్ పీకేయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచండి.

2. రెండు ర్యామ్‌లూ తీసి, బంగారు రంగు అంచులను మెత్తటి పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా రుద్ది, పొడి దులపండి.

3. చాలామంది తప్పేది ఇక్కడే. కొన్ని బోర్డుల్లో స్లాట్‌కి ఒకవైపే క్లిప్ ఉంటుంది. క్లిప్ ఉన్న వైపు టక్కుమనగానే అయిపోయిందనుకుంటాం, రెండో చివర కాస్త పైకే ఉండిపోతుంది. ముందు క్లిప్ లేని చివర గట్టిగా నొక్కండి, తర్వాత రెండోది. పక్కనుంచి చూస్తే ర్యామ్ అంచు స్లాట్‌కి సమాంతరంగా కనబడాలి. కాస్త బలమే పడుతుంది, భయపడకండి.

4. మొదట పాత ర్యామ్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. నాలుగు స్లాట్‌లుంటే సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో పెట్టాలి (దాని పేరు ఏ2). బోర్డు మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి.

5. అయినా డిస్‌ప్లే రాకపోతే, మళ్ళీ స్విచ్ ఆపి, కేబుల్ పీకేసి, గుండ్రటి సీమాస్ బ్యాటరీ (బోర్డు సెట్టింగులను గుర్తుంచే చిన్న బ్యాటరీ) ఐదు నిమిషాలు తీసి, తిరిగి పెట్టండి. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే) సెట్టింగ్ కూడా దీంతో పోతుంది.

6. పాతదానితో ఆన్ అయితే, మళ్ళీ కేబుల్ పీకేసి దాన్ని తీసి, అదే స్లాట్‌లో కొత్తది ఒక్కటే పెట్టండి. అప్పుడు మాత్రమే బీప్ వస్తే కొత్తది చెడిపోయినట్టో, మీ బోర్డుకి సరిపడనట్టో. కొన్న షాపులో మార్పించుకోండి.