డర్బన్‌లో దిగే మన పిల్లలకు: ఇల్లెక్కడ, తిండేమిటి

దసరాకు దేవరకొండ వచ్చి పది రోజులైంది. పద్నాలుగేళ్ళుగా దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉంటున్నానని తెలిసి, సాయంత్రమయ్యేసరికి మా అమ్మ ఇంటి అరుగు మీద ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటున్నారు. నిన్న కల్వకుర్తి నుంచి మా పెద్దనాన్న మనవరాలు భర్తతో వచ్చింది. అతనికి డర్బన్ దక్షిణాన కార్ల ఫ్యాక్టరీ దగ్గర ఉద్యోగం దొరికింది. జనవరిలో ప్రయాణం. "చిన్నమ్మా, బీచ్ ఎదురుంగ ఫ్లాట్ ఫొటోలు పంపిండ్రు, అడ్వాన్స్ కట్టెయ్యమంటవా?" అని ఫోన్ చేతికిచ్చింది. నాకు గుండె ఝల్లుమంది. అదే తప్పు మేం చేసి ఉన్నాం.

అప్పట్లో మేం నల్గొండ నుంచే, ఫొటోలు చూసి, ఒక ఫ్లాట్‌కు రెండు నెలల అద్దె డిపాజిట్‌గా పంపాం. విమానం దిగి నేరుగా ఆ అడ్రసుకు పోతే తలుపు తీసింది అరవై దాటిన ఒక పెద్దావిడ. అది ఆమె సొంత ఇల్లు, అద్దెకిచ్చే ఆలోచనే లేదు. డబ్బు తీసుకున్న మనిషి మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. నాలుగు సూట్‌కేసులతో మెట్ల మీద కూలబడ్డాం. ఆవిడ మమ్మల్ని లోపలికి పిలిచి, పప్పు, అన్నం, చింతపండు పచ్చడి పెట్టింది. తెలుగు రాదు. కానీ చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో అందరూ "తాత" అనే మాట వాడేవాళ్ళని చెప్పింది. ఆ రాత్రి మాకు హోటల్ గది చూపించింది కూడా ఆమె కొడుకే.

అందుకే మొదటి మాట: కళ్ళతో చూడని ఇంటికి ఒక్క ర్యాండ్ (అక్కడి రూపాయి) కూడా కట్టకండి. రెండో మాట: సముద్రం ఒడ్డున రెండు మూడు వారాలు ఉండండి, కాపురం మాత్రం ఊరి లోపల పెట్టండి.

మొదటి వారాలకు బీచ్ ఎందుకంటే, ఊరు అర్థం కావడానికి అంతకంటే మంచి చోటు లేదు. గోల్డెన్ మైల్ అంటారు. దక్షిణాన ఉషాకా మెరైన్ వరల్డ్ అనే అక్వేరియం పార్కు నుంచి ఉత్తరాన ఉమ్‌గెనీ నది సముద్రంలో కలిసే బ్లూ లగూన్ దాకా ఒడ్డు వెంబడి నడిచే దారి ఉంది. పొద్దున ఐదున్నరకే జనం. అక్కడి నల్లజాతివాళ్ళైన జులూల అమ్మాయిలు పరుగెత్తుతుంటారు, బురఖా వేసుకున్న తల్లులు పిల్లలతో నడుస్తుంటారు, తెల్లవాళ్ళు సర్ఫింగ్ పలకలు మోసుకుపోతుంటారు, మన పోలికలున్న ముసలివాళ్ళు నీళ్ళలో నిలబడి సూర్యుడికి దండం పెడుతుంటారు. ఈ ఇసుక మీద 1989 దాకా ఏ రంగు మనిషి ఎక్కడ నిలబడాలో బోర్డులుండేవి. ఆ బోర్డులు చూసి పెరిగినవాళ్ళు ఇప్పుడు మనవళ్ళను ఎత్తుకుని అక్కడే తిరుగుతున్నారు. ఆ దారిన ఒక వారం నడిస్తే మీరు ఎవరి మధ్యకు వచ్చారో తెలుస్తుంది.

ఆ వారాలకు వంటగది ఉన్న గది తీసుకోండి. అక్కడ "సెల్ఫ్ కేటరింగ్" అంటారు. డిసెంబర్ మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా దేశమంతా సెలవులకు డర్బన్‌కే వస్తుంది. అద్దెలు రెట్టింపు చెబుతారు, కాబట్టి ఆ రోజుల్లో దిగకుండా చూసుకోండి. ఒడ్డు పక్కనే ఉన్న పాయింట్, సౌత్ బీచ్ పేటల్లోని పాత అపార్ట్‌మెంట్లలో కొన్ని బాగుంటాయి, కొన్నింట్లో లిఫ్టు పనిచేయదు, గేటు దగ్గర కాపలా ఉండదు. పగలు ఒకసారి, చీకటి పడ్డాక కారులో ఒకసారి చూసి రండి. రాత్రి అక్కడ కాలినడకన తిరగవద్దు. ఫోన్ చేతిలో పట్టుకుని రోడ్డు మీద నిలబడవద్దు. భయపెట్టడానికి చెప్పడం లేదు, అక్కడి వాళ్ళంతా పాటించే జాగ్రత్తే ఇది.

ఇక కాపురం. మన ఐటీ పిల్లలు ఎక్కువగా ఊరికి ఉత్తరాన ఉన్న ఉమ్‌లాంగాలో ఉంటామంటారు. ఆఫీసులు, గేట్‌వే మాల్, లైట్‌హౌస్, శుభ్రమైన ఒడ్డు, అన్నీ ఉంటాయి. అద్దె కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. అక్కడ మూడేళ్ళున్నాం. పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో చివరిదాకా తెలియలేదు. బాబుకు జ్వరం వచ్చిన రాత్రి నాకు తోడుగా వచ్చింది, ఆ మొదటి రోజు అన్నం పెట్టిన పెద్దావిడే, ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి. ఆ తర్వాత మేం పాత భారతీయ కుటుంబాలు ఉండే రిజర్వాయర్ హిల్స్‌కు మారిపోయాం. యూనివర్సిటీ వెస్ట్‌విల్ క్యాంపస్‌లో చదివే పిల్లలకు కూడా అదే దగ్గర. ఓవర్‌పోర్ట్, సిడెన్‌హామ్ కూడా ఇలాంటివే. చేతిలో డబ్బు తక్కువైతే చాట్స్‌వర్త్, ఫీనిక్స్ చూడండి. పెద్ద ఇంటి వెనక ఒకటి రెండు గదుల చిన్న ఇల్లు కట్టి అద్దెకిస్తారు. దాన్ని "ఔట్‌బిల్డింగ్" అంటారు. "లైట్స్ అండ్ వాటర్" అద్దెలో కలిసిందా అని మొదటే అడగండి. కరెంటు, నీళ్ళ బిల్లులకు అక్కడ అదే మాట. మా అల్లుడికి మాత్రం ఇసిపింగో చూడమన్నాను. టొయోటా కర్మాగారం ఉన్న ప్రాస్పెక్టన్ పక్కనే.

నీళ్ళ గురించి నల్గొండ వాళ్ళకు నేను చెప్పేదేముంది? మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వంకరపోయిన కాళ్ళను చూస్తూ పెరిగినవాళ్ళం. డర్బన్‌లో కుళాయి నీళ్ళు తాగవచ్చని మొదటి రోజు ఎవరో చెబితే నమ్మలేకపోయాను. కానీ 2022 ఏప్రిల్ వరదల్లో నాలుగు వందల మందికి పైగా పోయారు. ఊరికి ఉత్తరాన టోంగాట్ వైపు నెలల తరబడి కుళాయి రాలేదు. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు జోజో ట్యాంక్ ఉందా అని అడగండి. మన సింటెక్స్ లాంటిది. ఇల్లు వాగు పక్కన గానీ, మట్టి జారే ఏటవాలు కింద గానీ ఉంటే ఎంత అందంగా ఉన్నా వద్దు.

డిపాజిట్ విషయం కొంచెం గట్టిగా పట్టుకోండి. అక్కడ 1999 నాటి అద్దె ఇళ్ళ చట్టం ఉంది. యజమాని మీ డిపాజిట్‌ను వడ్డీ వచ్చే ఖాతాలో వేయాలి. ఇంట్లో దిగేముందు, ఖాళీ చేసేటప్పుడు ఇద్దరూ కలిసి ఇల్లంతా చూసి, ఏ గోడకు ఏ పగులుందో రాసుకోవాలి. పాడైందేమీ లేకపోతే ఏడు రోజుల్లో వడ్డీతో సహా తిరిగివ్వాలి. మాకు ఇది తెలియక ఒక యజమాని దగ్గర మొత్తం డిపాజిట్ వదులుకున్నాం. మీరు దిగిన రోజే ప్రతి గదీ వీడియో తీసి పెట్టుకోండి.

పాత కుటుంబాల మధ్య ఉండమని ఇంతగా చెప్పడానికి వేరే కారణం కూడా ఉంది. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు చెరకు తోటల్లో పని కోసం 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా వచ్చారు. అందులో విశాఖ, గంజాం, చిత్తూరు వైపు తెలుగువాళ్ళు చాలామంది. పాలమూరు నుంచి అడ్వాన్స్ తీసుకుని మేస్త్రీ వెంట డ్యాములు కట్టడానికి వలసపోయిన కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు ఆ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. అలా డర్బన్ చేరిన తెలుగువాళ్ళు 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1996 నాటి ఆ దేశ రాజ్యాంగంలో గౌరవించి కాపాడాల్సిన భాషల వరుసలో తెలుగు పేరు ఉంది. భాష చాలామందికి పోయింది. ఉగాది పోలేదు, కరివేపాకు పోలేదు. కొత్తగా వచ్చిన మనవాళ్ళు కొందరు వాళ్ళను చూసి "వీళ్ళకు తెలుగు రాదు కదా" అని తేలిగ్గా మాట్లాడటం విన్నాను. దయచేసి ఆ పని చేయకండి. నూట అరవై ఏళ్ళు దాచుకున్నదాన్ని వాళ్ళు మనకు పంచి పెడుతున్నారు.

జూలై, ఆగస్టుల్లో వాళ్ళ మారియమ్మ గుళ్ళకు పోయి చూడండి. పెద్ద కుండల్లో అంబలి కాచి అమ్మవారికి పెట్టి అందరికీ పోస్తారు. "పోరిడ్జ్ ప్రేయర్" అంటారు. వేపాకులు, పసుపు, డప్పు. మొదటిసారి చూసినప్పుడు నాకు మా పోచమ్మ గుడి దగ్గర బోనం ఎత్తుకున్నట్టే అనిపించి ఏడుపొచ్చింది.

తిండి దగ్గర మన జిల్లాల వాళ్ళకు నిజంగా ఇబ్బంది తక్కువ. డర్బన్ కూర ఎర్రగా, ఘాటుగా ఉంటుంది, ఆలుగడ్డ తప్పనిసరి. ఊరికి పేరు తెచ్చింది బన్నీ చౌ. పెద్ద బ్రెడ్డును పావు భాగం కోసి, మధ్యలో తోడేసి, అందులో కూర నింపుతారు. "క్వార్టర్ మటన్" అని అడగండి. మాంసం తిననివాళ్ళు "క్వార్టర్ బీన్స్" అడగండి, నాకు అదే ఎక్కువ ఇష్టం. పైన పెట్టిన బ్రెడ్డు ముక్కతో మొదలుపెట్టి చేత్తోనే తినాలి. పక్కన క్యారెట్, ఉల్లి, పచ్చిమిర్చి తురుము ఇస్తారు, దాన్ని సాంబల్స్ అంటారు. బిర్యానీని "బ్రెయానీ" అంటారు. అందులో మసూర్ పప్పు, ఆలుగడ్డ ఉంటాయి, పక్కన పప్పు పోస్తారు. హైదరాబాద్ బిర్యానీతో పోల్చకుండా తింటే బాగుంటుంది. ఎండుచేప, వంకాయ కూర ఎవరింట్లోనైనా వండితే మాత్రం వదలకండి.

సాసేజ్, పొలోనీ లాంటి రుబ్బిన మాంసం వంటకాల్లో గొడ్డు మాంసం లేదా పంది మాంసం ఉండవచ్చు. తిననివాళ్ళు ప్రతిచోటా అడగాలి, అడిగితే ఎవరూ తప్పుపట్టరు. పూర్తి శాకాహారులకు చాట్స్‌వర్త్‌లో ఇస్కాన్ వాళ్ళు 1985లో ప్రారంభించిన గుడి ఉంది, అక్కడే భోజనశాల కూడా. సెప్టెంబర్, అక్టోబర్ మధ్య వచ్చే తమిళుల "పుర్తాసి" నెలలో అయితే ఊళ్ళో చాలా హిందూ కుటుంబాలు మాంసం ముట్టవు. అప్పుడు బయట కూడా కూరగాయల వంటలు బాగా దొరుకుతాయి.

ఇంట్లో వంటకు ఒక్క బియ్యం దగ్గరే తికమకపడతారు. సూపర్ మార్కెట్‌లో మామూలుగా అమ్మేది ఉప్పుడు బియ్యం. మిర్యాలగూడ మిల్లుల చుట్టుపక్కల వాళ్ళకు చూడగానే తెలిసిపోతుంది. నీళ్ళు ఎక్కువ పోయాలి, ఎక్కువసేపు ఉడకాలి. మిగతాదంతా విక్టోరియా స్ట్రీట్ మార్కెట్‌లో ఉంది: పసుపు, ధనియాలు, మెంతులు, రకరకాల కారాలు. ఆకుకూరలను వాళ్ళు "హెర్బ్స్" అంటారు, చామగడ్డను "మదుంబి" అంటారు. పక్కనే వారిక్ జంక్షన్‌లో పొద్దున్నే కూరగాయల సంత ఉంటుంది. అక్కడ అమ్మే జులూ అమ్మలకు ముందు "సనిబోనా" అని పలకరించి, తర్వాత ధర అడగండి. ముఖం ఎలా వెలుగుతుందో చూడండి. చివర్లో "న్గియబోంగ" అంటే ధన్యవాదం.

పెరుగు గురించి చెప్పకపోతే పాపం. అమాసి అని డబ్బాల్లో అమ్ముతారు, జులూవాళ్ళ పులిసిన పాలు. గట్టిగా, కమ్మగా, పుల్లగా ఉంటుంది. వాళ్ళు మక్కపిండితో పొడిపొడిగా ఫుతు వండుకుని అందులో అమాసి కలుపుకుని తింటారు. మా నానమ్మ మక్క గటకలో మజ్జిగ పోసుకుని తిన్నట్టే. మా ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నం అదే భోజనం. ఎండాకాలం అంటే అక్కడ డిసెంబర్, జనవరి.

సముద్రం సంగతి ఒక్కటి గట్టిగా చెబుతాను. మనం సాగర్‌లో, డిండిలో నీళ్ళు చూసినవాళ్ళం, అలల లాగుడు మనకు తెలియదు. ఎరుపు-పసుపు జెండాల మధ్యే దిగండి. లైఫ్‌గార్డు ఈల వేస్తే వెంటనే బయటికి రండి. 1952 నుంచి సొరచేపలను ఆపే వలలు ఉన్నాయి, ఆ భయం పెద్దగా అక్కర్లేదు. మనిషిని తీసుకుపోయేది లోపలికి లాగే నీటి పాయ. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. ఈత రానివాళ్ళు మోకాళ్ళ లోతు దాటవద్దు. పెద్ద వాన పడ్డాక మురుగు కలుస్తుంది, నాలుగు రోజులు నీళ్ళలోకి పోవద్దు, బీచ్ మూసేశారన్న బోర్డు ఉందేమో చూడండి.

మిగతావి చిన్నవి. కిటికీలు మూసి ఉంచండి, కోతులు వస్తాయి. సెల్‌ఫోన్ నుంచి అత్యవసరానికి 112, పోలీసులకు 10111. మనకూ వాళ్ళకూ మూడున్నర గంటల తేడా, వాళ్ళకు సాయంత్రం ఐదైతే ఇక్కడ ఎనిమిదిన్నర, అమ్మకు ఫోన్ చేయడానికి అదే మంచి సమయం. సామానులో విత్తనాలు, మాంసం పచ్చళ్ళు పెట్టుకోవద్దు. మిక్సీ తీసుకుపోవచ్చు, వోల్టేజీ మనలాంటిదే. ప్లగ్ మాత్రం మన గీజర్‌కు ఉండే పెద్ద మూడు పిన్నులది ఎక్కువగా వాడతారు. దాన్ని ఇక్కడే వేయించుకొమ్మని చెప్పాను. పొద్దున్నే మిక్సీ సంచిలో పెట్టుకుని ఇద్దరూ బజారుకు పోయారు, ఇంకా రాలేదు.