రిటైరయ్యాక మళ్లీ డ్యూటీ: పోలీసు పెన్షనర్ల ప్రశ్నలు

ప్రశ్న: ఏఎస్సైగా 62 ఏళ్లు నిండి రిటైరయ్యాను. తిరుపతిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఏడాది కాంట్రాక్టు మీద తీసుకుంటామంటున్నారు. పెన్షన్ కోస్తారా?

జవాబు: పెన్షన్ ట్రెజరీ నుంచి ఎప్పటిలాగే పడుతుంది. కోత పడేది కొత్త జీతంలో. ప్రభుత్వమే నేరుగా మళ్లీ నియమిస్తే, ఆఖరి జీతంలోంచి పెన్షన్ తీసేసి, మిగిలిన మొత్తానికి మించకుండా జీతం ఖరారు చేయడం ఆనవాయితీ. లెక్క తప్పేది ఇక్కడే. తీసేసేది నెలనెలా చేతికొచ్చే పెన్షన్ కాదు, కమ్యూటేషన్‌కు (పెన్షన్‌లో కొంత వదులుకుని ఒకేసారి సొమ్ము తీసుకోవడానికి) ముందున్న పూర్తి పెన్షన్. ఆఖరి మూలవేతనం 80,000, పెన్షన్ 40,000 అనుకోండి. 40 శాతం కమ్యూట్ చేస్తే నెలకు అందేది 24,000. అయినా 80,000లోంచి 40,000 పోతుంది. మిగతా 16,000కు బదులు ఒకేసారి సొమ్ము తీసుకున్నారు కదా, అదీ పెన్షన్ కిందే లెక్క. చేతికొచ్చే 24,000 మాత్రమే తీసేసి 56,000 చొప్పున బిల్లు పాసైందని సంతోషించకండి. ఆడిట్‌లో బయటపడితే నెలకు 16,000 చొప్పున వెనక్కి కట్టాలి. అందుకే చేరే ముందే లెక్క కాగితం మీద రాయించుకోండి.

బతికే ఉన్నామని పెన్షనర్లు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ విషయంలోనూ జాగ్రత్త. మళ్లీ ఉద్యోగంలో ఉన్నవారికి వేలిముద్రతో ఆన్‌లైన్‌లో ఇచ్చే సర్టిఫికెట్, జీవన్ ప్రమాణ్, వర్తించదు, కాగితం మీదే ఇవ్వాలి. వేలిముద్ర వేయించే ఆపరేటర్ రీఎంప్లాయ్‌మెంట్ (మళ్లీ ఉద్యోగంలో ఉన్నారా) గడిలో అలవాటు కొద్దీ ‘నో’ నొక్కేస్తాడు. అది మీ పేరిట తప్పుడు డిక్లరేషన్ అవుతుంది.

ఈ కాంట్రాక్టు కాలం పెన్షన్‌కు గానీ గ్రాట్యుటీకి గానీ కలవదు.

ప్రశ్న: ఏజెన్సీ ద్వారా సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేరాను. జీతం 15,000. పీఎఫ్ పట్టుకుంటున్నారు. 62 దాటినవాడికి పీఎఫ్ ఏమిటి?

జవాబు: పీఎఫ్‌కు వయసు అడ్డు కాదు. 58 దాటాక ఆగేది అందులోని పెన్షన్ పథకం, ఈపీఎస్ ఒక్కటే. మామూలుగా యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం ఈపీఎస్‌కు, 3.67 శాతం పీఎఫ్‌కు పోతాయి. మీ విషయంలో మొత్తం 12 శాతం, అంటే 1,800 రూపాయలు, పీఎఫ్ ఖాతాకే చేరాలి. పాస్‌బుక్ తెరిచి పెన్షన్ గడి చూడండి. అక్కడ 1,250 కనిపిస్తే ఏజెన్సీవాళ్లు అందరితోపాటు మీకూ ఈపీఎస్ కట్టేశారన్నమాట. వెంటనే సరిచేయించండి, లేకపోతే డబ్బు తీసుకునే రోజు క్లెయిమ్ తిప్పి పంపుతారు. జీతం 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ కార్డు కూడా అడగండి. అది మీ హక్కు.

ప్రశ్న: పాత ఖాకీ డ్రస్సు, బెల్టు ఈ సెక్యూరిటీ డ్యూటీలో వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. బ్యాడ్జీలు తీసేసినా సరే. ప్రైవేటు గార్డు పోలీసు యూనిఫాంను గానీ, దాన్ని పోలినదాన్ని గానీ వేసుకుంటే 2005 నాటి సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద ఏడాది దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఆ శిక్ష ఏజెన్సీ యజమానికీ వర్తిస్తుంది కాబట్టి అతన్నే వేరే రంగు డ్రస్సు ఇమ్మనండి.

ప్రశ్న: కాంట్రాక్టు మనిషిని ఏసీబీ పట్టుకోగలదా?

జవాబు: పట్టుకోగలదు. ప్రభుత్వ సొమ్ము జీతంగా తీసుకునే ప్రతి ఒక్కరూ 1988 అవినీతి నిరోధక చట్టంలో పబ్లిక్ సర్వెంటే. లంచం రుజువైతే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు. ఇలాంటి తీవ్రమైన నేరానికి శిక్ష పడితే, ఇన్నేళ్లు కష్టపడి సంపాదించుకున్న పెన్షన్‌ను ఆపే అధికారమూ ప్రభుత్వానికి ఉంది.