టీవీకి సర్వర్ కనిపించకపోతే ముందు ఐపీలు చూడండి

అన్నా, ఉబుంటు ల్యాప్‌టాప్‌లో పెట్టిన మినీడీఎల్‌ఎన్‌ఏ (ల్యాప్‌టాప్‌లోని సినిమాలు, పాటలు టీవీకి అందించే సర్వర్) హాల్లో టీవీకి కనిపించట్లేదు, ఫోన్‌లో 8200 పోర్టు మీద దాని పేజీ మాత్రం తెరుచుకుంటోంది అన్నారు కదా. అంటే సర్వర్ బాగానే ఉంది, టీవీ కేకే దానికి వినపడట్లేదు.

టీవీ 239.255.255.250 అడ్రస్‌కి, 1900 యూడీపీ పోర్టు మీద ‘ఎవరైనా ఉన్నారా’ అని కేక వేస్తుంది. మామూలుగా ఆ కేక రౌటర్ దాటదు. మారతహళ్లిలో మా ఇంట్లోనూ ఇదే గోల. ఇంటర్నెట్ వాళ్లు బిగించిన పెట్టె ఒకటి, దాని వెనక నేను కొన్న రౌటర్ ఇంకొకటి. టీవీది 192.168.1.7, ల్యాప్‌టాప్‌ది 192.168.0.12. ఆ మూడో అంకె (ఒకదాంట్లో 1, ఇంకోదాంట్లో 0, అంటే రెండూ వేరే నెట్‌వర్క్‌లు) చూసుకోక ఆదివారమంతా టీవీని తిట్టుకుంటూ కూర్చున్నాను, పాపం దాని తప్పేం లేదు. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా) పెట్టి, టీవీ, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తే కనిపించింది.

మీ ఫోన్ ల్యాప్‌టాప్ ఉన్న వైఫైలోనే ఉండి ఉంటుంది, అందుకే పేజీ వస్తోంది.

అంకెలు కలిసినా రాకపోతే టీవీ గెస్ట్ వైఫైలో ఉందేమో, రౌటర్‌లో ఏపీ ఐసోలేషన్ (వైఫైలోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఆపే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడండి. ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్‌లో 1900 యూడీపీ కూడా తెరవాలి, 8200 ఒక్కటే చాలదు. రెండు ఐపీలూ ఇక్కడ పెట్టండి, చూద్దాం.