ఎదురు ఫ్లాట్ ఆయన మా కుక్కను కొడుతున్నాడు

ప్రశ్న: మా చింటూని ఎదురింటాయన లిఫ్ట్ దగ్గర చెప్పుతో కొట్టాడు, విషం పెడతానని నన్నూ బెదిరిస్తున్నాడు. అసోసియేషనేమో కుక్కను పంపేయమంటోంది. ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చింటూని ఎక్కడికీ పంపకండమ్మా. పెంపుడు జంతువుల్ని నిషేధించే హక్కు అసోసియేషన్‌కి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. కొట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం, విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325 కింద అయిదేళ్ల దాకా జైలు. లిఫ్ట్ దగ్గర కెమెరా ఉంటే ఆ ఫుటేజీ చెరిగిపోకముందే, ఈరోజే కాపీ తీసుకోండి, పశువుల డాక్టరుకి దెబ్బ చూపించి కాగితం రాయించుకుని, బెదిరించిన మాటలు ఉన్నవి ఉన్నట్టు తేదీలతో రాసి స్టేషన్‌లో ఇచ్చి రసీదు అడగండి. ఆయనతో ఒంటరిగా వాదనకి దిగొద్దు. తలుపు తీసేముందు గుమ్మం ముందు బిస్కెట్ ముక్కల్లాంటివి పడి ఉన్నాయేమో చూసుకోండి, ఇది మాత్రం మర్చిపోకండి.