సీసా ఎత్తి చూడు

అమ్మాయీ,

నీ మెయిల్ చూశాను. దక్షిణ అమెరికాలోని గయానాకు సలహాదారుగా వెళ్లే పని నీకే వచ్చిందని తెలిసి మీ అమ్మకంటే నేనే ఎక్కువ మురిసిపోయాను. నువ్వు పంపిన టీఓఆర్, అదే నీ పనేమిటో చెప్పే పత్రం, రెండుసార్లు చదివాను. అందులో "హరిత ఆర్థిక విధానంలో పాదరసం వాణిజ్య నియంత్రణను అనుసంధానించుట" అని ఉంది చూడూ, అది రాసినవాళ్లకు తమకేం కావాలో సగమే తెలుసు. మిగతా సగం నువ్వు తేల్చాలి. అదీ పని మొదట్లో ఇచ్చే ఇన్‌సెప్షన్ రిపోర్టులోనే. ఆ తర్వాత నోరు విప్పితే "ఇది మీ పనిలో లేదు కదండీ" అంటారు.

ముందు ఒక మాట. అడవికో అధ్యాయం, పాదరసానికో అధ్యాయం పెట్టి రిపోర్టు రాయకు. ఆ దేశంలో నూటికి ఎనభై పాళ్లకు మించి అడవే. 2009లో నార్వే వాళ్లు, ఆ అడవిని నిలబెట్టినందుకు 25 కోట్ల డాలర్ల దాకా ఇస్తామని ఒప్పందం చేసుకున్నారు. అదే ఏడాది గయానా కర్బన ఉద్గారాలు తక్కువగా ఉండే "లో కార్బన్" అభివృద్ధి వ్యూహం ప్రకటించింది. అక్కడ అడవి పోతున్నదంటే చాలామటుకు బంగారం తవ్వకాల వల్లే. మర పంపుతో నీళ్లు కొట్టి నేలను బురద చేస్తారు, ఆ బురదను చాపలు పరిచిన వాలుబల్ల మీదుగా పారిస్తారు, చాపల్లో చిక్కిన బరువైన ఇసకలో పాదరసం కలుపుతారు, బంగారం దానికి అంటుకుంటుంది, తర్వాత కాల్చి పాదరసాన్ని ఆవిరిగా పోగొడతారు. చెట్టు పోయిందీ ఆ గోతి దగ్గరే, నీళ్లు పాడైందీ ఆ గోతి దగ్గరే. రెండు మంత్రిత్వశాఖలు దాన్ని పంచుకున్నంత మాత్రాన రెండు గోతులు అయిపోవు. పైగా 2019 ఆఖర్లో సముద్రంలో చమురు తీయడం మొదలయ్యాక పెద్దవాళ్ల చూపంతా అటే ఉంది. నీకు అపాయింట్‌మెంట్లు దొరక్కపోతే చిన్నబుచ్చుకోకు.

ఇక అసలు పని. చట్టం చదవకముందు లెక్క కట్టు. చిన్న గనుల వాళ్లు ఏడాదికి ఎంత బంగారం అమ్మినట్టు కాగితాల్లో ఉందో తీసుకో. అక్కడ బంగారం ప్రభుత్వ గోల్డ్ బోర్డుకో, లైసెన్సున్న వ్యాపారికో అమ్మాలి కాబట్టి ఆ అంకె దొరుకుతుంది. కడిగి మిగిల్చిన ఇసకలో మాత్రమే పాదరసం కలిపే చోట గ్రాము బంగారానికి సుమారు గ్రాము పాదరసం పోతుంది. రాయి మొత్తం పొడి చేసి అందులోనే కలిపేవాళ్లయితే మూడు గ్రాములు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే. కాబట్టి ఎవరు ఎలా కలుపుతున్నారో కళ్లారా చూడకుండా ఈ హెచ్చవేత చెయ్యకు. గనులున్న మహ్దియా వైపు వెళ్లు, నాలుగు క్యాంపుల్లో నిలబడు, వాళ్లు పాదరసం ఒంపేటప్పుడు సీసాను ముందూ వెనకా తూచు. వచ్చిన అంకెను దిగుమతి లైసెన్సుల అంకె పక్కన పెట్టు. లైసెన్సులు తక్కువైతే పాదరసం దొంగదారిన వస్తోందన్నమాట. ఎక్కువైతే దొంగదారిన పోతోందన్నమాట. గయానాలో కాగితాల మీద దిగిన సరుకు సరిహద్దు దాటి సూరినామ్, బ్రెజిల్ గనులకు చేరుతోందన్న మాట ఏళ్ల తరబడి ఉన్నదే. రెండంకెలూ అచ్చంగా సరిపోయాయనుకో, ఇంకా ఎక్కువ అనుమానపడు. బంగారమే దొంగదారిన పోతుంటే మొదటి అంకె కూడా అబద్ధమే కదా.

ఇంకో తనిఖీ కూర్చున్నచోటే చేసుకోవచ్చు. కస్టమ్స్ కోడ్ 2805.40 పాదరసానిది. గయానాకు ఎంత పంపామని పంపిన దేశాలు చెబుతున్నాయి, ఎంత వచ్చిందని గయానా చెబుతోంది, రెండూ తీసి పక్కపక్కన పెట్టు. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో వారం రోజులు కూర్చుని దుమ్ము పట్టిన రిజిస్టర్లు తిరగేసేవాణ్ణి. నీకు మధ్యాహ్నం భోజనం లోపు అయిపోతుంది.

పాదరసం మీద దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం గురించి. 2013లో జపాన్‌లోని కుమమోటోలో కుదిరింది, 2017 ఆగస్టు 16 నుంచి అమల్లో ఉంది. గయానా 2014లోనే ఆమోదించింది, మనవాళ్లు 2018లో. చాలామంది కన్సల్టెంట్లు కూడా దీని పేరు చెప్పగానే పాదరసం నిషేధం అనేస్తారు. కాదు. చిన్న గనుల్లో వాడకాన్ని తగ్గించాలి, సాధ్యమైతే మానిపించాలి అంటుందంతే. పంపే దేశం మాత్రం కొనే దేశం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. గనిలో కొత్తగా తవ్విన పాదరసం, మూతపడిన క్లోరిన్ ఫ్యాక్టరీల్లో మిగిలిన పాదరసం బంగారం పనికి పోకూడదు. తిరకాసు ఇక్కడే వస్తుంది. ఆ సరుకే పంటి వైద్యానికి అని చీటీ అంటించుకుని దిగుతుంది. అందుకే ఆ దేశంలో పంటి డాక్టర్లు ఎందరో, వాళ్లలో ఇప్పటికీ పాదరసంతో పళ్లు నింపేవాళ్లు ఎందరో కనుక్కో. దిగిన పాదరసానికి దేశంలో ఉన్న పళ్లన్నీ చాలకపోతే నీ రిపోర్టుకు ఒక పేజీ దొరికినట్టే.

కస్టమ్స్ వాళ్లకు శిక్షణ ఇవ్వమని అడుగుతారు. స్లైడ్లు చూపించకు. పాదరసం నీటికి పదమూడున్నర రెట్లు బరువు. వ్యాపారంలో వాడే ఇనప సీసాలో పట్టే పాదరసం 34.5 కిలోలు, కానీ కొలిస్తే అది రెండున్నర లీటర్లే. లీటరు నీళ్ల సీసాలో పోస్తే పదమూడు కిలోలు దాటుతుంది. అంత బరువు రాదు గానీ, అలాంటి సీసా ఒకటి ఇసకతోనూ సీసం గుళ్లతోనూ నింపి, మామూలు సీసాల మధ్య పెట్టి, ఒక్కొక్కరినీ వచ్చి ఎత్తమను. చెయ్యి ఒకసారి నేర్చుకున్నది మర్చిపోదు.

నా తప్పొకటి చెబుతాను, ఇది ఎవరికీ పెద్దగా చెప్పలేదు. చాలా ఏళ్ల క్రితం వేరే దేశంలో దిగుమతి పూర్తిగా ఆపెయ్యండి అని రాశాను. ఆపేశారు. మరుసటి ఏడాది వెళితే గని పక్క కొట్టులో పాదరసం అలాగే ఉంది, చిన్న చిన్న మందు సీసాల్లో, ధర మాత్రం మండిపోతోంది. కొట్టువాడు నవ్వుతూ, "మీ దయవల్ల ఇప్పుడు డబ్బులకు అమ్మడం లేదండీ, అప్పుకే ఇస్తున్నాను, బంగారం నాకే అమ్మాలి" అన్నాడు. అప్పటిదాకా నలుగురికి అమ్ముకునే అవకాశం ఉన్న కూలివాణ్ణి నేను ఒక్కడికి కట్టేశాను. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టడమంటే అదే. ఐరోపా 2011లో, అమెరికా 2013లో ఎగుమతులు ఆపినప్పుడు కూడా ఆ ఖాళీని మెక్సికోలో, ఇండోనేషియాలో తవ్విన పాదరసం నింపింది. అందుకని కొట్టువాడి అప్పు పుస్తకం చూడకుండా నిషేధం సిఫారసు చెయ్యకు. డీజిలు, బియ్యం, పాదరసం ఒకే చేత్తో ఇచ్చి బంగారం కొనేవాడెవడో తెలిస్తే నీకు సగం విధానం తెలిసినట్టే. ఆ అప్పును ఏ సహకార సంఘమో, బ్యాంకో తీర్చే దారి లేనప్పుడు తేదీలు వేసి కాగితం మీద దశలవారీ నిర్మూలన గీయడం వృథా.

ప్రత్యామ్నాయాల దగ్గర మర్యాదగా మసలుకో. వెలిగారం గుర్తుందా, మన వీధి చివర కంసాలి తాతగారు నగలు అతికేటప్పుడు చిటికెడు చల్లేవారు? ఫిలిప్పీన్స్‌లోని బెంగెట్ గనుల వాళ్లు ఆ వెలిగారంతోనే, చుక్క పాదరసం లేకుండా బంగారం కరిగించుకుంటారు. కానీ దానికి ముందు ఇసకను బాగా శుభ్రం చెయ్యాలి, పొయ్యి బాగా మండాలి. ప్రతి రాయికీ నప్పదు. పాదరసం ఆవిరిని పట్టి మళ్లీ చల్లార్చే బట్టీ ఎంతో మేలే, వాడితే. వాడకపోవడానికి కారణం వాళ్ల అజ్ఞానం అని రాసేముందు, మూత బిగించిన బట్టీలో తన బంగారం తన కళ్లకు కనిపించదని గనివాడికి ఉండే భయం ఒకసారి ఆలోచించు. నా బంగారమైతే నేనూ ఒప్పుకోను.

నది ఒడ్డు ఊళ్లలో చేపలు తినే ఆదివాసీల వెంట్రుకలు పరీక్షకు తీస్తామని ఎవరో ఒకరు ప్రతిపాదిస్తారు. ఫలితం మంత్రిగారికంటే ముందు ఆ తల్లులకు, వాళ్ల భాషలో, ఏ చేప తినవచ్చో ఏది మానాలో చెప్పి మరీ ఇస్తామంటేనే ఒప్పుకో. ఆ మాట రాయించి తీసుకో.

ఆదివారాలు ఖాళీ దొరికితే రాజధాని జార్జ్‌టౌన్ అవతల మారెమ్మ గుళ్లకు వెళ్లు. మద్రాసు ఓడల్లో చెరకు తోటలకు వెళ్లినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. భాష పోయింది, డప్పు పోలేదు. పని సంగతి ఎత్తకు, ఊరికే కూర్చో.

బయల్దేరేముందు ఒకసారి కాకినాడ వచ్చి పో. నా స్ప్రింగు కాటా అటక మీద ఉంది, యాభై కిలోల దాకా తూస్తుంది, కొక్కెం కొంచెం వంగింది. అది తీసుకెళ్లు. అక్కడ కొనుక్కుందాంలే అనుకోకు, అవసరమైన రోజున దొరకదు.

నీ మామయ్య