డాట్ కామ్ డొమైన్‌ను వేరే రిజిస్ట్రార్‌కి (డొమైన్లు అమ్మే కంపెనీకి) మారిస్తే సైట్ ఆగిపోతుందా?

ట్రాన్స్‌ఫర్ వల్ల ఆగదు. హోస్టింగ్, అంటే సైట్ ఫైళ్లుండే సర్వర్, ఉన్నచోటే ఉంటుంది. ఆగిందంటే చాలావరకు నేమ్‌సర్వర్ల (డొమైన్ పేరు అడిగితే ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేవి) వల్లే. పాత రిజిస్ట్రార్ ఇచ్చిన నేమ్‌సర్వర్లే వాడుతుంటే, డొమైన్ వెళ్లిపోయాక వాళ్లు అందులోని డీఎన్‌ఎస్ రికార్డులు (సైట్, మెయిల్ ఎక్కడున్నాయో చెప్పే వివరాలు) తీసేయొచ్చు. సైట్‌తో పాటు మెయిళ్లూ పోతాయి. కాబట్టి ముందే ఏ, సీనేమ్, ఎమ్‌ఎక్స్, టీఎక్స్‌టీ రికార్డులన్నీ కొత్త డీఎన్‌ఎస్‌లో ఎక్కించి, నేమ్‌సర్వర్లు మార్చి, రెండు రోజులు ఆగండి. డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ జవాబులు అసలైనవేనని సంతకంతో తేల్చే భద్రత) ఆన్‌లో ఉంటే అంతకంటే ముందే తీసేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

మిగతాది తేలిక. పాతచోట ట్రాన్స్‌ఫర్ లాక్ తీసి, ఆథ్ కోడ్ (డొమైన్ మార్చడానికి పాస్‌వర్డ్ లాంటిది, ఈపీపీ కోడ్ అన్నా అదే) తీసుకోండి. కొత్తచోట అది ఇచ్చి డబ్బు కట్టండి. కోడ్ కాపీ చేసేటప్పుడు చివర ఖాళీ స్పేస్ అంటుకున్నా చెల్లదంటుంది. పాత రిజిస్ట్రార్ నుంచి వచ్చే మెయిల్‌లో ఒప్పుకుంటే త్వరగా అయిపోతుంది. పట్టించుకోకపోయినా 5 రోజులకు దానంతటదే పూర్తవుతుంది. కట్టిన డబ్బు వృథా కాదు, గడువుకు ఏడాది కలుస్తుంది. మొత్తం గడువు మాత్రం 10 ఏళ్లు దాటదు.

కొని 60 రోజులు కాకపోతే, లేదా ఈమధ్యే ఒకసారి మార్చి ఉంటే ఆగాల్సిందే. ఓనర్ పేరు, మెయిల్ మార్చినా చాలాచోట్ల అదే 60 రోజుల లాక్ పడుతుంది. ఆ మార్పులేవో ట్రాన్స్‌ఫర్ అయ్యాక చేసుకోండి.

గడువు దాటాక పాతచోట రెన్యూ చేసి, 45 రోజుల్లోపే మారిస్తే ఆ రెన్యూవల్ ఏడాది ఎగిరిపోవచ్చు. గడువుకు నెల ముందే మార్చేయడం మేలు.