అండమాన్ వెళ్తున్న చిన్నీకి

చిన్నీ,

నువ్వు ఫోన్లో చెప్పినదాంట్లో సగం మా కుక్కర్ విజిల్స్‌లో కలిసిపోయింది, అందుకే రాస్తున్నాను. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు, ఆరు దీవులు అన్నావు చూడు, అదొక్కటీ మాత్రం బాగా వినపడింది. ఆ ఆరులో రెండు కొట్టేయ్.

ఎందుకంటే మేము మొదటిసారి వెళ్ళినప్పుడు మా ఏజెంటు కూడా ఇలాగే బిగించి పెట్టాడు, పొద్దున హేవలాక్ దీవి నుంచి ఫెర్రీ, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్ నుంచి విమానం అని. ఆ పొద్దున సముద్రం బాగాలేదని ఫెర్రీలు ఆపేశారు. జెట్టీ మీద సూట్‌కేసుల మీద కూర్చుని మీ పెదనాన్న మొహం చూడాలి! విమానం పోయింది, కొత్త టికెట్లకు అయిన ఖర్చు గురించి ఆయన ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటారు. కాబట్టి ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్లోనే పడుకోండి, ఇందులో బేరం లేదు. మీ ఆయన స్కూబా చేస్తానంటున్నాడు కదా, నీళ్ళలోకి దిగాక ఒక రోజన్నా గడవకుండా విమానం ఎక్కకూడదు, ఆ లెక్క కూడా దీంతోనే సరిపోతుంది. మీ అత్తగారిని మాత్రం దింపకండి, ఆవిడకు ఆస్తమా.

ఊళ్ళ, దీవుల పేర్లతో తికమక పడొద్దు. హేవలాక్‌ని 2018లో స్వరాజ్ ద్వీప్ చేశారు, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ నేతాజీ పేరు పెట్టుకుంది, పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. టికెట్ మీద ఒకటి, ఆటో అతని నోట్లో ఇంకొకటి ఉంటుంది. అన్నట్టు అక్కడ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, ఎప్పుడో మన ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు. నువ్వు హిందీలో తంటాలు పడుతుంటే అవతలివాళ్ళు నవ్వి "తెలుగేనా అమ్మా" అంటారు.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది పొద్దు. గడియారం మనదే, ఆ దీవులు మాత్రం మనకంటే చాలా తూర్పున ఉన్నాయి, చలికాలంలో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి. హైదరాబాద్‌లోలాగా పదింటికి టిఫిన్ చేసి బయల్దేరితే రోజు అయిపోయినట్టే. హేవలాక్‌లో రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడాలంటే నాలుగుకల్లా ఇసుక మీద ఉండాలి. ఇసుకలో కంటికి ఆనని పురుగులు కుడతాయి, కాళ్ళకు కొబ్బరినూనె పట్టించండి, గోకితే వారం రోజులు వదలదు. ఎక్కడైనా మొసళ్ళ బోర్డు ఉంటే అది అలంకారానికి పెట్టింది కాదు, పిల్లాణ్ణి దింపకు.

నీల్‌లో రాతి వంతెన ఉంది, లక్ష్మణ్‌పూర్ రెండో నంబరు బీచ్ దగ్గర. అది ఆటు సమయంలోనే చూడాలి, పోటులో వెళ్తే నీళ్ళు తప్ప ఏమీ కనపడవు. ముందురోజే హోటల్లో అడిగి ఆటు ఎన్నింటికో కనుక్కో. గుంటల్లో చిన్న చేపలు, పగడాలు ఉంటాయి, పిల్లాడికి స్కూబా కంటే అదే నచ్చుతుంది చూడు. చేతికి దొరికిందల్లా ఏరి జేబులో వేసుకోనివ్వకు, విరిగిన పగడపు ముక్కైనా సరే నేరమే, ఎయిర్‌పోర్టులో బ్యాగు విప్పించి తీసేసుకుంటారు.

సెల్యులార్ జైలును మాత్రం "ఒక గంటలో చూసేద్దాం" అనుకోవద్దు. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు, నక్షత్రం మొనల్లా ఏడు రెక్కలు, ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక రెక్క ముందుభాగం పక్క రెక్క వీపు వైపుకు ఉంటుంది, అంటే ఖైదీకి ఎదురుగా ఇంకో ఖైదీ మొహం కనపడకుండా కట్టారన్నమాట. ఆ తెలివి తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది. ఒక గదిలోకి ఒక్కదానివే వెళ్ళి రెండు నిమిషాలు నిలబడు, ఫోటోలు తర్వాత. గానుగలు చూడు, ఎద్దులు చేసే పనిని మనుషులతో చేయించారు. 1933లో నిరాహారదీక్ష చేసిన ఖైదీల్లో ముగ్గురు చనిపోయారు, బలవంతంగా గొట్టాలతో పాలు పోయబోతే. మధ్యాహ్నం ఎండ తగ్గాక వెళ్ళి, సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో కూడా చూసుకుని రండి, దానికి ముందే బుక్ చేయాలి. మీ అత్తగారికి మెట్లు కష్టమైతే కింద చెట్టు నీడన కూర్చోబెట్టు.

రాస్ దీవి అక్కడి నుంచి పడవలో కాసేపే. ఆ జైలును నడిపిన తెల్లదొరలు ఉన్నది ఇక్కడే, చర్చీ, బేకరీ అన్నీ కట్టుకుని. 1941లో భూకంపం, మరుసటి ఏడు జపాన్‌వాళ్ళు, దాంతో అన్నీ వదిలేసి పోయారు. ఇప్పుడు ఆ గోడల్ని చెట్ల వేళ్ళు పట్టుకుని ఉన్నాయి, మధ్యలో జింకలు తిరుగుతుంటాయి. నాకు బీచ్‌లన్నిటికంటే ఇదే ఇష్టం. జైలు చూసిన మర్నాడు చూస్తే ఇంకా బాగుంటుంది.

బారాటాంగ్ సున్నపురాయి గుహలంటావా, మడ అడవుల మధ్య పడవ ప్రయాణం బాగుంటుంది, కాదనను. కానీ తెల్లవారుజామున మూడింటికి లేవాలి, దారి జారవా అనే ఆదివాసీల అడవి గుండా, వాహనాలన్నీ కాన్వాయ్‌గా వెళ్ళాలి, ఆగకూడదు, ఫోటో తీస్తే కేసు. ఆ రోడ్డు మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, ఇంకా నడుస్తూనే ఉంది. మా వ్యానులో జనం "కనపడతారా, కనపడతారా" అని అద్దాలకు మొహాలు అతికించి కూర్చున్నారు, జూకి వెళ్ళినట్టు. నాకు సిగ్గేసింది. కొట్టేయమన్న రెండిట్లో ఇదొకటి. రెండోది మీ ఇష్టం.

నగదు కాస్త ఎక్కువే పెట్టుకోండి, హేవలాక్‌లో సిగ్నల్ ఎప్పుడు పోతుందో తెలీదు. వాంతుల మాత్రలు ఫెర్రీ ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే ఆ మాత్ర కూడా బయటికే. మార్చిన ప్లాన్ నాకు వాట్సాప్‌లో పెట్టు, ఫోటో తీసి కాదు, టైప్ చేసి, నా కళ్ళద్దాలు ఇంకా షాపులోనే ఉన్నాయి.

మీ పెద్దమ్మ